మేతలో విటమిన్లు, కాలువలో కలుపు మందులు

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య కొల్లేరు చుట్టూ ఉన్న పల్లెల్లో వరి చేలు, చేపల చెరువులు పక్కపక్కనే ఉంటాయి. కైకలూరు, ముదినేపల్లి, ఆకివీడు, ఉండి వైపు ఏ దారిన వెళ్లినా ఒక పక్క ఊడ్చిన మడి, ఇంకో పక్క గట్లు పోసిన చెరువు. రెండింటికీ నీరిచ్చేది చాలాచోట్ల ఒకే పంట కాలువ. చేలో మిగిలిన నీరు దిగేది మురుగు కాలువలోకి. ఆ మురుగు కాలువ నీరే దిగువన మరో చెరువును నింపుతుంది. ఈ నీటి గొలుసులోకి గత కొన్ని దశాబ్దాల్లో కలుపు మందు వచ్చి చేరింది. కలుపు తీసే కూలీలు దొరక్క, దొరికినా కూలి గిట్టక వరి రైతు సీసా మీద ఆధారపడ్డాడు. నాట్లు మాని విత్తనం వెదజల్లే పద్ధతి పెరిగిన కొద్దీ ఆ ఆధారం ఇంకా పెరిగింది. ఇటు చేపల రైతుకు చెరువులో ఏదో తేడా కనిపిస్తూ ఉంటుంది. మేత సరిగా ఎత్తదు, చేప బరువు పెరగదు, ఉన్నట్టుండి రోగం వస్తుంది. మందుల దుకాణానికి వెళితే ఒత్తిడి తగ్గిస్తుందని చెప్పి విటమిన్ సి పొడి, విటమిన్ ఇ కలిపిన మిశ్రమం చేతిలో పెడతారు. అది పూర్తిగా వట్టి మాట కాదు, దాని వెనుక నిజమైన శాస్త్రం ఉంది. అయితే ఆ శాస్త్రం చెప్పేది ఒకటి, దాని పేరున చెరువుల మీద జరుగుతున్నది మరొకటి. మేతలో విటమిన్ ఉండాల్సిందే. కానీ అది కలుపు మందుకు విరుగుడు కాదు. విరుగుడు తూము దగ్గర ఉంది, ఎప్పుడు ఏ నీరు వదలాలి, ఏ నీరు తీసుకోవాలి అన్న నిర్ణయంలో ఉంది.

మొక్కను చంపడానికి చేసిన మందు చేపనేం చేస్తుందన్న సందేహం సహజం. గ్లైఫోసేట్ సంగతే చూడండి. మొక్కలు, కొన్ని సూక్ష్మజీవులు తమకు కావాల్సిన కొన్ని అమైనో ఆమ్లాలను తయారు చేసుకునే దారిలో ఒక ఎంజైమును అది అడ్డుకుంటుంది. ఆ దారి జంతువుల్లో లేదు. కాబట్టి చేపకు ప్రమాదం లేదని అమ్మేవాళ్లు చెప్పే మాట వినడానికి బాగానే ఉంటుంది. కానీ రైతు చల్లేది ఒట్టి గ్లైఫోసేట్ కాదు. ఆకు మీద మందు అంటుకుని లోపలికి దిగడానికి డబ్బాలో సబ్బులాంటి రసాయనాలు కలుపుతారు. వాటిలో బాగా వాడుకలో ఉన్న ఒక రకం, జంతువుల కొవ్వు నుంచి చేసే అమైన్, చేపలకు గ్లైఫోసేట్ కంటే చాలా ఎక్కువ విషమని 1970ల చివర్లోనే తేలింది. ఐరోపా సమాఖ్య 2016లో గ్లైఫోసేట్ మందుల్లో ఆ పదార్థాన్ని కలపకూడదని నిషేధించింది. ఇక వరిలో విరివిగా వాడే బ్యుటాక్లోర్‌కు ఏ తోడూ అక్కర్లేదు, అది తనంతట తానే చేపలకు తీవ్రమైన విషం. నీటిలో కంటే కొవ్వులో సులువుగా కరిగే గుణం ఉండటం వల్ల చేప ఒంట్లోకి చేరడం దానికి తేలిక. మొక్కజొన్నలో వాడే అట్రజిన్ చేపను వెంటనే చంపేంత విషం కాదు. కానీ అది నీటిలో చాలా రోజులు నిలిచి, మొక్కల్లో కిరణజన్య సంయోగక్రియను ఆపే తన పనిని చెరువులోని నాచు మీద కూడా చేస్తుంది. ఈ చివరి సంగతి దగ్గరికి మళ్లీ రావాలి, ఎందుకంటే వ్యవహారమంతా చివరికి అక్కడే తేలుతుంది.

చంపనంత తక్కువ మోతాదులో మందు తగిలిన చేపలో ఏం జరుగుతుందన్నది ఇప్పటికి బాగానే తెలిసిన విషయం. నీరు ఎడతెగకుండా తాకేది మొప్పలను. అందుకే దెబ్బ మొదట అక్కడే కనిపిస్తుంది. మొప్పల పలుచని పొర ఉబ్బి పైకి లేస్తుంది, పక్కపక్క రేకులు అతుక్కుపోతాయి, ప్రాణవాయువును తీసుకునే వైశాల్యం తగ్గుతుంది. రక్తంలో ఎర్రకణాలు తగ్గుతాయి. ఒత్తిడి హార్మోను, దాని వెంట చక్కెర పెరుగుతాయి. విషాన్ని విరిచి బయటికి పంపే పని కాలేయానిది కాబట్టి అక్కడి కణాలు దెబ్బతింటాయి. చేప ఎర్రకణాల్లో మనిషి ఎర్రకణాల్లో ఉండని కేంద్రకం ఉంటుంది. అది చిట్లి ముక్కలైందో లేదో సూక్ష్మదర్శినిలో చూసి జన్యుపదార్థానికి జరిగిన నష్టాన్ని కూడా లెక్కకట్టవచ్చు. వీటిలో చాలా నష్టాలకు ఉమ్మడిగా ఒక కారణం ఉంది. కణంలో మందు విరిగేటప్పుడు చురుకైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి. అవి కణపు పొరల్లోని కొవ్వును, ప్రొటీన్లను, చివరికి జన్యుపదార్థాన్ని కూడా కొరికేస్తాయి. వాటిని అణచడానికి చేపకు సొంత ఎంజైములు ఉన్నాయి. పుట్టే వేగం అణచే శక్తిని మించినప్పుడే దాన్ని ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. విటమిన్లు ఈ కథలోకి వచ్చేది సరిగ్గా ఇక్కడే.

మనిషి లాగే చాలా చేపలు విటమిన్ సి తయారు చేసుకోలేవు. దాని తయారీలో చివరి మెట్టుకు కావాల్సిన ఎంజైము వాటిలో లేదు. స్టర్జన్ వంటి ప్రాచీన జాతుల్లో మాత్రం ఆ శక్తి ఇంకా మిగిలి ఉంది. అందుకే మేతలో విటమిన్ సి లేకపోతే పెంపకపు చేపకు వెన్నెముక వంకర తిరుగుతుంది, మొప్పల మృదులాస్థి మెలి పడుతుంది, పుండ్లు త్వరగా మానవు. అమెరికా క్యాట్‌ఫిష్ చెరువుల్లో వెన్ను విరిగినట్టు కనిపించే చేపలకు కారణం ఇదేనని తేలిన తర్వాతే మేత తయారీదార్లు విటమిన్ సిని తప్పనిసరి చేశారు. విటమిన్ ఇ ఉండేది కణపు పొరల్లో. అక్కడి కొవ్వుకు ఆక్సీకరణ అంటుకుని ఒక అణువు నుంచి మరో అణువుకు పాకుతుంటే ఆ గొలుసును తెంపుతుంది. ఆ పనిలో తాను ఖర్చయిపోతే విటమిన్ సి దాన్ని మళ్లీ పనికి వచ్చేలా చేస్తుంది. ఈ రెండింటినీ కలిపి వాడటానికి కారణం ఇదే. జపాన్‌లో పట్టుపురుగు ప్యూపాలను కార్పు చేపలకు మేతగా వేసే రోజుల్లో వాటి కొవ్వు కారెక్కి, తిన్న చేపల వీపు కండ కరిగిపోయి వెన్ను పదునుగా తేలేది. మేతకు విటమిన్ ఇ కలిపితే ఆ జబ్బు ఆగింది. పాడైన కొవ్వు చేసే హానికి విటమిన్ ఇ నిజంగానే అడ్డుకట్ట వేయగలదని చెప్పే సాక్ష్యాల్లో ఇది బలమైనది. ఇంతవరకు దుకాణదారు మాటలో తప్పేమీ లేదు.

దీని ఆధారంగానే ఈజిప్టు, ఇరాన్, టర్కీ, బ్రెజిల్, భారత్‌లలో పరిశోధకులు చేపలను కలుపు మందు కలిపిన నీటిలో ఉంచి, కొన్నింటికి విటమిన్ సి లేదా ఇ ఎక్కువగా కలిపిన మేత పెట్టి ఫలితాలు పోల్చారు. చేపలు తిలాపియా, సాధారణ కార్పు, మార్పు అనే క్యాట్‌ఫిష్ జాతివి. ఎక్కువ ప్రయోగాల్లో ఫలితం ఒకే వైపు మొగ్గింది. విటమిన్ తిన్న చేపల్లో కొవ్వు కారెక్కడం తగ్గింది, రక్షణ ఎంజైములు కొంత కోలుకున్నాయి, కాలేయానికి, రక్తానికి జరిగిన నష్టం తక్కువగా ఉంది. ఈ ఫలితాలను కొట్టిపారేయడం సరికాదు. అయితే వాటిని చదివేటప్పుడు ఒక మాటను గట్టిగా పట్టుకోవాలి. దాదాపు అన్నింటిలోనూ వచ్చింది పాక్షిక ఉపశమనం. విటమిన్ తిన్న చేప, విటమిన్ తినకుండా మందు తగిలిన చేప కంటే మెరుగ్గా ఉంది. అసలు మందే తగలని చేపతో సమానంగా మాత్రం చాలా కొలతల్లో రాలేదు. దుకాణంలో పొట్లం మీద మొదటి పోలిక కనిపిస్తుంది, రెండోది కనిపించదు. రైతు డబ్బు పెట్టేటప్పుడు తెలియాల్సింది ఆ రెండోదే.

ప్రయోగశాల తొట్టికి, ఎకరాల చెరువుకు ఉన్న తేడా అంతకంటే పెద్దది. తొట్టిలో శుభ్రమైన నీరు, గాలి గొట్టం, కొలిచిన మేత ఉంటాయి. అక్కడ మందు తగిలేది చేపకు ఒక్కదానికే. చెరువులో అది ముందు తగిలేది నీటిని ఆకుపచ్చగా ఉంచే సూక్ష్మ నాచుకు. కలుపు మందు పనే కిరణజన్య సంయోగక్రియను ఆపడమో, మొక్క ఎదుగుదలను తుంచడమో కదా. చెరువులో ఆ నాచు మూడు పనులు చేస్తుంది. పగలంతా నీటికి ప్రాణవాయువు ఇస్తుంది. చేప విసర్జించిన అమ్మోనియాను పీల్చుకుంటుంది. తానే మేతై, తనను తినే సూక్ష్మ జంతువులకు కూడా మేతై, బొచ్చెకు, శీలావతికి సహజాహారంగా మారుతుంది. అందులో విటమిన్ సి సహా ఎన్నో విటమిన్లు ఉంటాయి. కొల్లేరు ప్రాంతపు కార్పు చెరువులు ఎన్నో ఏళ్లుగా తవుడు, చెక్క వంటి మామూలు మేతతో నెగ్గుకొచ్చాయంటే కారణం నీటిలో తయారయ్యే ఈ ఆహారమే. కలుపు మందు చేరిన నీరు చెరువులోకి వస్తే ఒక్క దెబ్బతో ఈ మూడూ పోతాయి. చచ్చిన నాచు కుళ్లుతూ ఉన్న కాస్త ప్రాణవాయువును కూడా లాగేసుకుంటుంది. తెల్లవారుజామున చేప నీటిపైకి తేలి నోరు తెరుస్తుంది. అప్పటికే అమ్మోనియా పెరిగి ఉంటుంది. ఈ చేప బాధ ప్రాణవాయువు లేకపోవడం. దానికి కావాల్సింది ఎరేటరు, కొత్త నీరు. కిలోల కొద్దీ విటమిన్ సి చల్లినా నీటిలో ప్రాణవాయువు లీటరుకు 2 మిల్లీగ్రాముల నుంచి 5కు పెరగదు. పైగా నాచు పోవడం వల్ల చేపకు ఉచితంగా అందుతున్న విటమిన్లే తగ్గిపోయాయి. వాటినే ఇప్పుడు రైతు డబ్బు పెట్టి కొంటున్నాడు.

మరో చిక్కు మేత దగ్గర ఉంది. మందు తగిలిన చేప మొదట మానేసేది తినడం. విటమిన్ మేతలోనే ఉంటే, తినని చేపకు అది ఎలా చేరుతుంది? ప్రయోగాల్లో చాలావరకు ముందు నుంచే విటమిన్ మేత అలవాటు చేసి, ఆ తర్వాత మందు కలుపుతారు. చెరువు మీద మాత్రం చేప మేత మానేశాకనే దుకాణం గుర్తొస్తుంది. ఇక మన దగ్గరి మేత పెట్టే పద్ధతి కూడా విటమిన్‌కు అనుకూలం కాదు. నూనె తీసిన తవుడును చిల్లులు పెట్టిన సంచుల్లో పోసి, వెదురు కర్రలకు కట్టి చెరువులో వేలాడదీయడం ఆంధ్ర చేపల సాగులో పేరుపడ్డ విధానం. చేప వచ్చి చిల్లుల్లోంచి లాక్కుని తింటుంది, మేత వృథా తగ్గుతుంది. కానీ నీటిలో కరిగే విటమిన్ సిని ఆ తవుడులో కలిపితే, చేప నోటికి వెళ్లేలోపే దానిలో ఎంతో భాగం నీటిలో కలిసిపోతుంది. గుళికల మేతలో కూడా మామూలు ఆస్కార్బిక్ ఆమ్లం తయారీ వేడికి, నిల్వలో గాలికి చాలా భాగం పాడవుతుంది. అందుకే మంచి మేత కంపెనీలు ఫాస్ఫేటు జత చేసి నిలకడగా ఉండేలా చేసిన రూపాన్ని వాడతాయి. విటమిన్ మీద డబ్బు పెట్టదలచుకున్న రైతు అడగాల్సిన మొదటి ప్రశ్న ఎంత కలిపారని కాదు, ఏ రూపంలో కలిపారని. మేతలో అవసరమైన మోతాదు పెద్దదేమీ కాదు. సాధారణ కార్పుకు కిలో మేతకు విటమిన్ సి సుమారు 45 మిల్లీగ్రాములు, విటమిన్ ఇ సుమారు 100 మిల్లీగ్రాములు చాలని పోషకాహార శాస్త్రం చెబుతుంది. ఒత్తిడి కాలంలో అంతకంటే కొంత ఎక్కువ ఉంటే మేలని ప్రయోగాలు చూపుతున్నాయి. కానీ ఎక్కువైన కొద్దీ మేలు పెరుగుతూనే ఉంటుందనుకోకూడదు. స్వేచ్ఛగా తిరిగే ఇనుము ఉన్నచోట విటమిన్ సి హద్దు దాటితే తానే చురుకైన ఆక్సిజన్ పుట్టడానికి తోడ్పడుతుంది.

ఇంకొంచెం లోతుకు వెళితే విటమిన్ల హద్దు స్పష్టంగా కనిపిస్తుంది. ఆక్సీకరణ ద్వారానే చంపే కలుపు మందు పారాక్వాట్. మొక్కలోనైనా జంతువులోనైనా అది ఎలక్ట్రాన్లను లాక్కుని ఆక్సిజన్‌కు అందిస్తూ, మళ్లీ ఖాళీ అయి మళ్లీ లాక్కుంటూ హానికర ఆక్సిజన్‌ను ఆగకుండా పుట్టిస్తుంది. ఆక్సీకరణను ఆపే విటమిన్లకు నిజంగా విరుగుడు అయ్యే శక్తి ఉంటే అది అన్నిటికంటే ముందు పారాక్వాట్ మీద పనిచేయాలి. ఆ మందు తాగిన మనుషుల మీద ఆసుపత్రుల్లో విటమిన్ సి, ఇ వాడి చూశారు. నమ్మదగిన విరుగుడుగా అవి నిలబడలేదు. ఈనాటికీ పారాక్వాట్‌కు విరుగుడు లేదు. చేప మనిషి కాదు, ఒక్కసారిగా తాగడం, నీటిలో కొంచెం కొంచెంగా తగలడం ఒకటి కాదు, నిజమే. అయినా తమకు అన్నివిధాలా అనుకూలమైన చోటే విటమిన్లు ఇంతగా తడబడితే, ఆక్సీకరణతో సంబంధం లేని దారుల్లో చంపే మందుల ముందు వాటి బలం ఎంత? ఒకప్పుడు జపాన్ వరి పొలాల్లో వాడిన పెంటాక్లోరోఫినాల్ కణం శక్తిని తయారు చేసుకునే యంత్రాంగాన్నే దెబ్బతీసేది. అలాంటి చోట ఆక్సీకరణను ఆపినా ప్రాణం నిలవదు.

ఆ మందు కథ మనకు మరో విధంగా కూడా పనికొస్తుంది. 1962లో జపాన్‌లో భారీ వానలకు పెంటాక్లోరోఫినాల్ పొలాల్లోంచి కొట్టుకువచ్చి అరియాకె సముద్రంలో, బివా సరస్సులో చేపలను, ఆల్చిప్పలను పెద్ద ఎత్తున చంపింది. మరుసటి ఏడాదే పురుగుమందుల చట్టాన్ని మత్స్య సంపదకు జరిగే నష్టాన్ని దృష్టిలో పెట్టుకుని సవరించారు. మందులను చేపలకు ఎంత విషమన్న దాన్ని బట్టి తరగతులుగా విభజించారు. మందు చల్లాక పొలం నీటిని కొన్ని రోజులు బయటికి వదలకుండా ఆపడం అక్కడి వరి రైతుకు నియమమైంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో కూడా దాదాపు ఇదే జరిగింది. 1980ల తొలి ఏళ్లలో శాక్రమెంటో లోయలోని వరి పొలాల మురుగు కాలువల్లో కార్పు చేపలు గుట్టలుగా చచ్చాయి. కారణం మోలినేట్ అనే వరి కలుపు మందు. థయోబెన్‌కార్బ్ అనే మరో మందు వల్ల శాక్రమెంటో నగరంలో తాగే నీటికి చేదు వచ్చింది. అక్కడి ప్రభుత్వం మందులను నిషేధించలేదు. చల్లిన తర్వాత నీటిని పొలంలోనే నిలిపి ఉంచాలని, ఆ గడువును ఏటికేడు పెంచుతూ దాదాపు నెల దాకా తీసుకెళ్లింది. ఎండకు, మట్టికి, సూక్ష్మజీవులకు దొరికిన ఆ సమయంలో మందు విరిగిపోయింది. నదిలోకి చేరే మోతాదు పదింట తొమ్మిది వంతులకు పైగా తగ్గింది. చేపలు చావడం ఆగింది. వరి దిగుబడి పడిపోలేదు. ఈ ఫలితం రావడానికి ఒక్క చేపకూ విటమిన్ పెట్టాల్సి రాలేదు.

మన డెల్టాలో ఇదే పని చేయడానికి కావాల్సిన పరిజ్ఞానం మనకు ఇప్పటికే ఉంది, సగం సగంగా. సార్వాలో ఊడ్పులు అయిన 3 నుంచి 5 రోజుల్లోపు బ్యుటాక్లోర్ లేదా ప్రెటిలాక్లోర్‌ను పొడి ఇసుకలో కలిపి, పలుచగా నీరున్న మడిలో సమానంగా చల్లమని వ్యవసాయ శాఖ చెబుతుంది. కలుపు రెండు నుంచి నాలుగు ఆకులు వేశాక బిస్‌పైరిబాక్ సోడియం కొట్టాలంటే ముందు మడిలో నీరు తీసేయాలి, అప్పుడే మందు ఆకుకు తగులుతుంది. చేప కళ్లతో చూస్తే ఈ రెండు సలహాల మధ్య ఒక ప్రమాదం దాగి ఉంది. రెండో మందు కోసం తీసేసే నీరు ఎక్కడికి పోతుంది? మొదటి మందు ఇంకా ఎంతోకొంత మిగిలి ఉన్న ఆ నీరు బోదెలోంచి మురుగు కాలువకు చేరుతుంది. అదే వారంలో ఊరంతా అదే పని చేస్తుంది. పైన గట్టి వాన పడితే వదలకుండానే నీరు పొంగి పోతుంది. ఆ రోజుల్లో దిగువ చెరువు తూము తెరిచి ఉంటే ఆ చెరువుకు అందేది నీరు మాత్రమే కాదు. కలుపు మందు డబ్బా మీది రంగు త్రికోణం ఈ సంగతి చెప్పదు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల వర్గీకరణ క్షీరదాల మీద చేసిన పరీక్షల ఆధారంగా నిర్ణయించినది. నీలం త్రికోణం చూసి మరీ అంత విషం కాదని అనుకునే రైతు, మనిషి విషయంలో కొంతవరకు నిజమే అనుకుంటున్నాడు. చేప విషయంలో ఆ రంగుకు అర్థం లేదు. కేంద్రం 2020లో నిషేధించాలని ముసాయిదా ప్రకటించిన 27 మందుల జాబితాలో బ్యుటాక్లోర్, 2,4-డి, అట్రజిన్ కూడా ఉన్నాయి. 2023 నాటి తుది నిర్ణయంలో ఇవేవీ నిషేధం పరిధిలోకి రాలేదు. కాబట్టి ఇవి దుకాణాల్లో ఉంటాయన్న లెక్కతోనే మనం ఆలోచించాలి.

ఇక్కడ చేపల రైతు అడిగే ప్రశ్న న్యాయమైనది. ఎగువన వరి రైతు ఎప్పుడు మందు చల్లుతాడో తన చేతిలో లేదు, మురుగు కాలువ తన సొంతం కాదు, తన చేతిలో ఉన్నది మేత ఒక్కటే, అందులో విటమిన్ వేసుకోవడం తప్పెలా అవుతుంది? తప్పు కాదు. కానీ తన చేతిలో మేత ఒక్కటే ఉందన్న మాటలో నిజం కొంతే. తూము కూడా అతని చేతిలోనే ఉంది. ఊడ్పుల కాలం ప్రతి ఊళ్లో అందరికీ తెలిసిందే. ఆ మూడు నాలుగు వారాలకు ముందే చెరువును నింపుకుని, ఆ రోజుల్లో మురుగు కాలువ నీరు తీసుకోకుండా ఉండటం చాలా చోట్ల సాధ్యమే. ఒక చిన్న చెరువును నిల్వ చెరువుగా పెట్టుకుని, వచ్చిన నీటిని అక్కడ కొన్నాళ్లు ఆపి, తర్వాత పెంపకపు చెరువులోకి తోడుకోవచ్చు. కొత్త నీరు వదిలే ముందు ఆ నీటిలో చిన్న హాపా (వల సంచి) కట్టి పది చేపపిల్లలను ఒకటి రెండు రోజులు ఉంచి చూడవచ్చు. ఖరీదైన పరీక్ష చెప్పేదంతా అది చెప్పకపోవచ్చు, కానీ తీవ్రమైన విషం ఉంటే ముందే చెబుతుంది. ఇంకో సంగతి, తన చెరువు గట్ల మీద తానే కొట్టే మందు. గట్టు గడ్డికి గ్లైఫోసేట్, నీటిలో గుర్రపుడెక్కకు 2,4-డి కొట్టడం ఈ ప్రాంతంలో కొత్తేమీ కాదు. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల చేతనే కొట్టించాలని 2022లో కేంద్రం ఆంక్ష పెట్టిన తర్వాత కూడా ఆ అలవాటు పోయిందని ఎవరూ చెప్పలేరు. గట్టు గడ్డిని యంత్రంతో కోయవచ్చు, గుర్రపుడెక్కను మనుషులతో లాగించవచ్చు. నీటి అడుగు కలుపుకు 1959లోనే మన దేశానికి తెచ్చిన గడ్డిచేప ఉంది. అది కలుపును తిని కండగా మార్చి బజారుకు వస్తుంది. ఇవన్నీ చేశాక కూడా మిగిలే ప్రమాదానికి మేతలో తగినంత విటమిన్ ఉంటే అది సరైన చోట పెట్టిన డబ్బు. వీటిలో ఏదీ చేయకుండా విటమిన్ మాత్రమే వేస్తే, ఆ డబ్బు రైతుకు ధైర్యాన్నివ్వొచ్చు గానీ చేపకు పెద్దగా ఏమీ ఇవ్వదు.

వరి రైతు వైపు నుంచి వచ్చే అభ్యంతరం ఇంకా బరువైనది. కలుపు మందు వద్దంటే పంట మానుకోవాలి, కూలి ఖర్చు ఎవరు భరిస్తారు? ఈ వ్యాసం ఆ మందును మానమని చెప్పడం లేదు. నీటిని ఆపడం వరి రైతుకు నష్టం కూడా కాదు. మందు పని చేయాలంటేనే అది మడిలో నిలవాలి. బయటికి పోయిన ప్రతి చుక్కా అతను డబ్బిచ్చి కొన్నదే. గట్లు గట్టిగా వేసి కొన్ని రోజులు నీరు బయటికి పోకుండా చూస్తే అతని కలుపు బాగా చస్తుంది, దిగువ చెరువు బతుకుతుంది. అడ్డంకల్లా సమయాల పొత్తు కుదరకపోవడం. రెండో మందు కోసం నీరు తీసే రోజును ఊరంతా కలిసి నిర్ణయించుకుని, ఆ రోజును దిగువ చేపల రైతులకు ముందే చెబితే చాలా నష్టం తప్పుతుంది. నీటి సంఘాలు ఉన్నది ఇలాంటి పనికే. పిచికారీ పంపులను, ఖాళీ డబ్బాలను కాలువలో కడగడం మాత్రం ఏ వాదనతోనూ సమర్థించలేనిది. కొద్ది మి.లీ. మందు చిన్న బోదె నీటిలో కలిస్తే చాలు, అక్కడి చేపపిల్లలకు ప్రాణాపాయం.

చేప తినేవాళ్లు ఈ లెక్కలో ఎక్కడున్నారన్నది చాలా తక్కువగా వినిపించే ప్రశ్న. ఆంధ్ర చేప మన బజార్లకే కాదు, మంచు పెట్టెల్లో లారీలెక్కి కోల్‌కతాకు, అస్సాంకు, ఈశాన్య రాష్ట్రాలకు వెళుతుంది. విటమిన్‌తో చేప బతికి బయటపడిందంటే దాని ఒంట్లోకి మందు చేరలేదని అర్థం కాదు. బతకడం ఒక ప్రశ్న, శుభ్రంగా ఉండటం మరో ప్రశ్న. విటమిన్ ప్రయోగాల్లో ఎక్కువ భాగం మొదటి ప్రశ్నకే సమాధానం వెతికాయి. కొవ్వులో కరిగే మందుల విషయంలో రెండో ప్రశ్న మరీ ముఖ్యం. ఒత్తిడిని తట్టుకునే శక్తి పెంచి చేపను బజారు దాకా చేర్చడమే లక్ష్యమైతే, తినేవాడి భద్రత ఆ లక్ష్యంలో లేనట్టే. నీటిలోకి మందు రాకుండా ఆపే పద్ధతి మాత్రం ఒకేసారి చేపను, నాచును, రైతు పెట్టుబడిని, కొనేవాడి కంచాన్ని కాపాడుతుంది. అందుకే నా దృష్టిలో రెండు దారులూ సమానమైనవి కావు, వాటి మధ్య ఎంపిక రుచిని బట్టి చేసుకునేది కాదు.

కొల్లేరుకు ఇది మరీ వర్తిస్తుంది. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందిన ఈ సరస్సులోకి తమ్మిలేరు, బుడమేరు వంటి ఏరులతో పాటు డెల్టా మురుగు కాలువలు ఎన్నో దిగుతాయి. ఉప్పుటేరు ఒక్కటే బయటికి దారి. ఎగువన వదిలినదంతా ఇక్కడ ఆగి, నెమ్మదిగా కదిలి సముద్రానికి పోతుంది. చుట్టూ ఉన్న చెరువుల్లోని చేపలకు విటమిన్ పెట్టేవాళ్లు ఉన్నారు. సరస్సులో సహజంగా పెరిగే కొర్రమీనుకు, మట్టగిడసకు, వాటిని తిని బతికే కొంగకు మేత వేసేవాళ్లు లేరు. మందు చల్లిన నీటిని ఎన్నాళ్లు ఆపాలో తేల్చే పనికి కావాల్సిన రెండు సంస్థలూ పశ్చిమ గోదావరి జిల్లాలోనే ఉన్నాయి. మారుటేరులో వరి పరిశోధన స్థానం, ఉండిలో మత్స్య పరిశోధన కేంద్రం. ఒకరు కలుపు మందు మోతాదు చెబుతారు, మరొకరు చెరువు నీటి నాణ్యత చెబుతారు. వరి రైతుకు ఇచ్చే సిఫార్సు పట్టికలో ఎకరాకు ఎంత, ఎన్ని రోజుల్లోపు అన్న రెండు గడుల పక్కన, చల్లాక ఎన్ని రోజులు నీరు వదలకూడదు అన్న మూడో గడి కూడా ఉండాలి. ఆ అంకెను మారుటేరు మట్టిలో, మన ఎండలో, సార్వా వానల్లో కొలిచి ఇద్దరూ కలిసి వేయాలి. చేపల రైతుకు ఇచ్చే పుస్తకంలో కూడా అదే అంకె, అదే నెలల పేర్లతో, తూము ఎప్పుడు మూయాలో చెబుతూ ఉండాలి.